సూదులు వేయించుకుంటే షుగర్ గోలీలు మానెయ్యొచ్చా? ఆ మెసేజ్‌కు నా జవాబు

మా చిన్నమ్మ సరూర్‌నగర్‌లో ఉంటుంది. పన్నెండేళ్లుగా షుగర్. పోయిన ఎండాకాలం మోకాళ్ల నొప్పికి ఇంటి దగ్గరున్న ఒక ఆక్యుపంక్చర్ (సన్నని సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం) సెంటర్‌కు వెళ్లింది. నాలుగైదు సిట్టింగులకే మెట్లు ఎక్కగలిగింది. అదే వారం ఆమె వాకింగ్ గ్రూప్‌లో, సూదులతో షుగర్ మాత్రలు మానెయ్యొచ్చని ఒక మెసేజ్ వచ్చింది. అది సెంటర్‌లో చూపించి అడిగితే "మెల్లగా మానెయ్యొచ్చమ్మా" అన్నారట. "నొప్పి తగ్గింది గదా బిడ్డా, షుగర్ మాత్రం తగ్గదా?" అని నాతో ఫోన్లో అన్నది. అప్పటికే గోలీలు మానేసి మూడు వారాలైంది. గొంతు ఎండిపోతోంది, రాత్రి ఐదారుసార్లు లేస్తోంది. పరీక్ష చేయిస్తే పరగడుపున 340.

ఆ మెసేజ్ మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇది: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆక్యుపంక్చర్‌ను వందకు పైగా జబ్బులకు వైద్యంగా ఒప్పుకుంది. వేల పరిశోధనల్లో రుజువైంది. షుగర్, బీపీ మాత్రలు మానెయ్యొచ్చు. చైనాలో మత్తు ఇవ్వకుండా సూదులతోనే ఆపరేషన్లు చేస్తారు. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ మోక్సా అనే మూలికల కడ్డీ వేడికి తిరిగిపోతుంది, సిజేరియన్ తప్పుతుంది. సంతానం లేనివాళ్లకు సంతానం కలుగుతుంది. సైడ్ ఎఫెక్టులు అసలే ఉండవు. పది మందికి పంపండి.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే వైద్యం నిజంగా పనిచేస్తుందో లేదో మనుషుల మీద చేసే పరీక్షల్లో, కోఆర్డినేటర్‌ని. డాక్టర్‌ని కాను. పేషెంట్లకు సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపిస్తాను. ఎవరికి అసలు మందు వెళ్లిందో, ఎవరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర వెళ్లిందో బయటపడకుండా చూస్తాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు "తగ్గింది" అనే మాట వినగానే ఒక ప్రశ్న వస్తుంది. దేనితో పోలిస్తే తగ్గింది? మెసేజ్‌లోని ఒక్కో మాటనూ ఆ ప్రశ్న ముందు పెట్టి చూశాను.

మొదటిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుందన్న మాట. దీనికి మూలం ఆ సంస్థ 2003లో ప్రచురించిన ఒక నివేదిక. అందులో నాలుగు జాబితాలున్నాయి. ట్రయల్స్‌లో రుజువైనట్టు రాసిన మొదటి జాబితాలో ఉన్నవి 28 మాత్రమే. నడుం నొప్పి, మోకాలి నొప్పి, తలనొప్పి, వాంతులు వంటివి అందులో ఉన్నాయి. వంద అనే అంకె రావాలంటే నాలుగు జాబితాలనూ కలిపేయాలి. మా చిన్నమ్మకున్న షుగర్ రెండో జాబితాలో ఉంది, అంటే "ఇంకా రుజువు కావాలి" అని ఆ నివేదికే చెప్పిన చోట. పిల్లలు కలగకపోవడం కూడా అక్కడే ఉంది. మెసేజ్ రాసినవాళ్లు ఆ గీతను చెరిపేశారు.

మొదటి జాబితాను కూడా నేను కళ్లు మూసుకుని నమ్మను. రక్త విరేచనాలు, బీపీ కూడా అందులో ఉన్నాయి. ఆ నివేదిక 1990ల చివరిదాకా వచ్చిన ట్రయల్స్ మీద ఆధారపడింది. వాటిలో చాలా చిన్నవి, సరైన పోలిక లేనివి కూడా ఉన్నాయని అప్పుడే విమర్శలు వచ్చాయి. 1998లో వికర్స్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఒక పని చేశారు. ఏ దేశం నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ ట్రయల్స్‌లో ఎన్ని అనుకూలంగా ఉన్నాయో లెక్క తీశారు. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్ నుంచి వచ్చినవన్నీ అనుకూలమే. ఒక్కటి కూడా "పని చెయ్యలేదు" అనలేదు. నిజంగా బాగా పనిచేసే మందుకు కూడా అలా జరగదు. పని చెయ్యలేదన్న ఫలితాలు అచ్చుకు రాకుండా ఎక్కడో ఆగిపోతూ ఉండొచ్చని దాని అర్థం. కాబట్టి "వేల పరిశోధనలు" అని లెక్క చెప్తే సరిపోదు.

ఇప్పుడు నొప్పి సంగతి. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మా చిన్నమ్మకు నొప్పి తగ్గింది నిజం. ఆమె అబద్ధం చెప్పలేదు, భ్రమ కూడా పడలేదు.

సూదికి ఉత్తుత్తి సూది తయారు చేయడం మాత్ర చేసినంత తేలిక కాదు. గుచ్చారో లేదో ఎవరికైనా తెలుస్తుంది కదా! 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ అనే పరిశోధకుడు దీనికొక ఉపాయం కనిపెట్టారు. నాటకాల్లో పొడిచే కత్తి పిడిలోకి జారిపోయినట్టు, ఆ సూది మొన చర్మానికి తగలగానే పిడిలోకి వెళ్లిపోతుంది. పేషెంట్‌కు గుచ్చినట్టే అనిపిస్తుంది. ఇంకొన్ని ట్రయల్స్‌లో నిజం సూదులనే, ఆక్యుపంక్చర్ బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చారు. అలా జర్మనీలో నడుం నొప్పితో ఉన్న 1,162 మందిని చీటీ వేసినట్టు మూడు గుంపులు చేసి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బిందువులు చూసి గుచ్చినవారిలో 47.6 శాతం మందికి మేలు జరిగింది. ఎక్కడో పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి. మామూలు మందులు, వ్యాయామం ఇచ్చినవారిలో 27.4 శాతం మందికే.

ఈ మూడు అంకెలూ కలిపి చదవాలి. మొదటిదాన్నీ మూడోదాన్నీ మాత్రమే చూపిస్తే ఆక్యుపంక్చర్ మామూలు వైద్యానికి దాదాపు రెట్టింపు పని చేసినట్టు కనిపిస్తుంది. సెంటర్ల కరపత్రాల్లో అదే ఉంటుంది. మొదటి రెండింటినే చూపిస్తే అంతా ఉత్తదేనని కొట్టిపారేయొచ్చు. నేను రెండూ చెప్పను. సూదులు వేయించుకున్నవాళ్లకు ఉపశమనం వచ్చింది, కానీ అందులో ఎక్కువ భాగం సూది ఏ బిందువులో దిగిందన్న దాని మీద ఆధారపడలేదు. అరగంట ప్రశాంతంగా పడుకోవడం, ఒక మనిషి శ్రద్ధగా తాకి, అడిగి, వినడం, తగ్గుతుందన్న నమ్మకం, నొప్పి తనంతట తాను హెచ్చుతగ్గులవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

తర్వాత వికర్స్ బృందమే 29 ట్రయల్స్‌లోని 17,922 మంది వివరాలను ఒక్కొక్కరివీ తీసుకుని కలిపి లెక్కించింది. అది 2012లో వచ్చింది. ఆ లెక్కను ఇలా అర్థం చేసుకోవచ్చు: నొప్పి వందకు 60 ఉన్నవాళ్లు సూదులు లేకుండా 43కు దిగుతారు, ఉత్తుత్తి సూదులతో 35కు, అసలు సూదులతో 30కి. అంటే అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా ఉంది, కానీ చిన్నది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2009లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ పనికొస్తుందంది, 2016లో వద్దంది, 2021లో కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి ఇచ్చి చూడొచ్చంది. అంత చిన్న తేడాను ఎలా తూచాలన్న దాని మీద పెద్దవాళ్లే అటూ ఇటూ అయ్యారు. మోకాలి నొప్పికి చిన్నమ్మ సూదులు వేయించుకుంటానంటే నేను అడ్డుపడను. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి, వాంతులకు మణికట్టు లోపలివైపు ఉండే పీ6 బిందువును నొక్కడం పనిచేస్తుందని కూడా కొంత ఆధారం ఉంది. ట్రయల్స్‌ను కలిపి తూచే కాక్రేన్ అనే సంస్థ 2015 సమీక్షలో 59 ట్రయల్స్ చూసి ఆ మాట చెప్పింది.

నొప్పి, వికారం మనిషి చెప్తేనే తెలుస్తాయి. షుగర్ అలా కాదు. రక్తంలో గ్లూకోజ్ ఎంత ఉందో మిషన్ చెప్తుంది. మనసు కుదుటపడితే నొప్పి తగ్గొచ్చు, షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ చేసే పని మాత్రం నమ్మకంతో జరగదు. షుగర్ మాత్రలు మానేసి సూదులతో నెట్టుకురావచ్చని చూపించిన నమ్మదగిన ట్రయల్ ఒక్కటి కూడా లేదు. బీపీ మీద మంచి ట్రయల్సే జరిగాయి. 2006లో అమెరికాలో 192 మంది మీద చేసినదానిలో అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ తేడా రాలేదు. 2007లో జర్మనీలో 160 మంది మీద చేసినదానిలో కొంచెం తగ్గింది, సూదులు ఆపిన కొద్ది నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. బీపీ మాత్ర మానేసిన మనిషికి మూడు నెలలు ఏమీ కాకపోవచ్చు. అదే భయం. ఏమీ కానట్టు ఉండగానే ఒక రోజు పక్షవాతం రావొచ్చు. మెసేజ్ మొత్తంలో నాకు కోపం తెప్పించిన వాక్యం, మాత్రలు మానెయ్యొచ్చన్న ఇదే. మిగిలినవి అతిశయాలు, ఇది మనుషుల ప్రాణాలు తీసే మాట.

మత్తు లేకుండా ఆపరేషన్ కథ బయటి దేశాల్లో బాగా పాకింది 1971 తర్వాత. న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్ట్ జేమ్స్ రెస్టన్ పెకింగ్ (ఇప్పటి బీజింగ్) వెళ్లినప్పుడు ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. అక్కడి డాక్టర్లు ఇంజెక్షన్‌తో మొద్దుబార్చే మత్తు ఇచ్చే ఆపరేషన్ చేశారు. తర్వాత కడుపు ఉబ్బరంతో ఇబ్బంది పడుతుంటే మోచేతికి, మోకాళ్ల కింద సూదులు గుచ్చారు, కడుపు దగ్గర మోక్సా వెలిగించారు. గంటలో ఊరట కలిగిందని ఆయన రాశారు. ఆయన రాసింది ఇంతే. నోటినోటా తిరిగి అది సూదులతో ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే గుండె ఆపరేషన్ ముచ్చట్ల వంటిదే 2006లో బీబీసీ కార్యక్రమంలోనూ వచ్చింది. ఆ పేషెంట్‌కు సూదులతో పాటు మగతకు, నొప్పికి వాడే మిడజోలం, డ్రోపెరిడాల్, ఫెంటానిల్ మందులు ఇచ్చారు, ఛాతీ దగ్గర మొద్దుబార్చే ఇంజెక్షన్ కూడా చేశారు.

మత్తు గురించి మాట్లాడేటప్పుడు మన ఊరి కథ ఒకటి గుర్తొస్తుంది. 1888, 1889లలో ఆరో నిజాం డబ్బుతో ఇక్కడ హైదరాబాద్‌లో, అప్పట్లో మత్తుకు వాడిన క్లోరోఫాం మీద రెండు కమిషన్లు పనిచేశాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలమందికి క్లోరోఫాం ఇచ్చిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, దానివల్ల గుండె ఆగదు, ఊపిరిని కనిపెట్టుకుంటే చాలు అని గట్టిగా నమ్మారు. జంతువుల మీద చేసిన ప్రయోగాలు ఆయనకే మద్దతిచ్చాయి. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో క్లోరోఫాం నేరుగా గుండె లయనే చెడగొట్టగలదని తేలింది. లారీ మోసగాడు కాదు, అనుభవం ఉన్న మంచి డాక్టర్. "నేను ఇంతమందిని చూశాను" అన్న మాటకు ఎంత బరువివ్వాలో నాకు నేర్పింది ఈ కథే.

ఇక ఎదురుకాళ్ల బిడ్డ. మోక్సా అంటే వినాయక చవితి పత్రిలో మొదట వేసే మాచిపత్రి జాతి మొక్క ఆకులను ఎండబెట్టి, దూదిలా చేసి, కడ్డీగా చుట్టి వెలిగించేది. తల్లి కాలి చిటికెన వేలి గోరు పక్కన ఆ వేడి తగిలిస్తారు. దీన్ని నేను తీసిపారేయను. 1998లో చైనాలోని జియాంగ్షీ రాష్ట్రంలో తొలిచూలు గర్భిణులు 260 మంది మీద చేసిన ట్రయల్‌లో, 35వ వారానికి మోక్సా గుంపులో 130 మందిలో 98 మందికి బిడ్డ తల కిందికి వచ్చేలా, అంటే కాన్పుకు సరైన స్థితికి, తిరిగింది, మోక్సా చేయని గుంపులో 130 మందిలో 62 మందికి. ఇది చిన్న తేడా కాదు. అదే పరిశోధకుడు ఇటలీలో మళ్లీ చేస్తే చాలామంది మధ్యలో మానేశారు, 123 మందితో ఆపాల్సి వచ్చింది, మేలు కనిపించలేదు. స్విట్జర్లాండ్‌లో 212 మందితో చేస్తే అక్కడా కనిపించలేదు. అన్నీ కలిపి చూసిన 2023 కాక్రేన్ సమీక్ష, మామూలు వైద్యంతో పాటు మోక్సా చేస్తే కాన్పు నాటికి ఎదురుకాళ్లు కొంత తగ్గొచ్చంది. సిజేరియన్లు మాత్రం పెద్దగా తగ్గలేదంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే అయ్యాయి. ఆ భయంతో ఉన్న తల్లికి "సిజేరియన్ తప్పుతుంది" అన్న మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు అర్థమవుతుంది. కానీ మెసేజ్ ఇచ్చిన హామీ సరిగ్గా ఆధారం లేని చోటే ఉంది. చెయ్యాలనుకుంటే మీ డాక్టరమ్మకు చెప్పి చెయ్యండి. కిటికీలు మూసిన ఫ్లాట్‌లో ఆ పొగ పెట్టొద్దు. కాలిన గాయాలవుతాయి, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే కాలినట్టు కూడా తెలియదు.

సంతానం గురించి రెండు ట్రయల్స్ చాలు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న వెయ్యి మంది మహిళలతో చైనాలోనే చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫిన్ మాత్రతో పాటు అసలు సూదులు వేసినవారిలో 29.4 శాతం మందికి, అదే మాత్రతో ఉత్తుత్తి సూదులు వేసినవారిలో 28 శాతం మందికి పిల్లలు పుట్టారు. పని చేసింది మాత్ర. పాతికేళ్ల కింద ప్రతిదీ అనుకూలమేనన్న చోట ఇలాంటి ఫలితాన్ని నిజాయితీగా ప్రకటించడం చూసి నాకు ఎంతో సంతోషమైంది. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మంది మీద చేసినదానిలోనూ అంతే. అసలు సూదులతో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదులతో 17.8 శాతం మందికి పిల్లలు పుట్టారు. ఐవీఎఫ్‌కు అప్పు చేసి డబ్బు కట్టినవాళ్ల దగ్గర దీనికింకో ప్యాకేజీ పేరుతో డబ్బు లాగడం అన్యాయం.

సైడ్ ఎఫెక్టులు లేవన్నది తప్పు. జర్మనీలో 2,29,230 మందిని గమనిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒకటి వచ్చింది. చాలామటుకు కొంచెం రక్తం రావడం, నొప్పి వంటివే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన ప్రమాదాలు రెండు. శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో ప్రమాదం తక్కువే. మీ ముందే కొత్త ప్యాకెట్ చించి సూది తియ్యాలి. రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే చెప్పాలి.

చిన్నమ్మ మళ్లీ గోలీలు మొదలుపెట్టింది. పరగడుపు షుగర్ 130 దగ్గరికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆమె వాకింగ్ గ్రూప్‌లో ఒక్కొక్కరికీ మేమిద్దరం కూర్చుని ఫోన్ చేశాం. ఇంకో ఇద్దరు బీపీ మాత్రలు మానేశారని అలా తెలిసింది. ఆ మెసేజ్ మీరు ఎవరికైనా పంపి ఉంటే, డిలీట్ చేస్తే సరిపోదు. ఇవాళే ఫోన్ చేసి, గోలీలు వేసుకుంటున్నారా అని అడగండి.