ఎక్సోమైజర్ గారికి, అనంతపురం నుంచి

ఎక్సోమైజర్ గారూ,

పాత కంప్యూటర్ల ప్రోగ్రామ్ ఫైళ్ళను కుదించి చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్ మీరు. బాగానే ఉంటారని తెలుసు, మెమరీ కరువు కోసమే పుట్టినవాళ్ళకు ఏమవుతుంది. కరువు మాకూ కొత్త కాదు. కాకపోతే మేము నీళ్ళు లేక పొదుపు చేస్తాం, మీరేమో నా ల్యాప్‌టాప్‌లో డిస్కంతా ఖాళీగా పడివున్నా కూర్చుని బైట్లు లెక్కపెడతారు. బైట్లు కూడా కాదు, బిట్లు! ప్రతి పాస్ (ఫైలంతా ఒకసారి కుదించి చూడడం) తర్వాతా ఇన్ని బిట్లు అని స్క్రీన్ మీద చూపించి, తృప్తి లేక మళ్ళీ మొదలుపెడతారు.

మీ బాధ అర్థం కాక కాదు. 1982లో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటర్‌కు ఉన్నదే 64 కేబీ మెమరీ, అందులో బేసిక్ భాషలో రాసే ప్రోగ్రాములకు మిగిలేది 38911 బైట్లు, ఆ మాట ఆన్ చేయగానే మొహం మీదే చెప్పేస్తుంది. దాని 1541 ఫ్లాపీ డ్రైవ్ సెకనుకు సుమారు 400 బైట్లు చదవడానికే ఆపసోపాలు పడుతుంది, ఒక ఆట లోడయ్యేలోపు టీ కాచుకోవచ్చు. అలాంటి చోట సగానికి కుదిస్తే పుణ్యమే. కానీ నా దగ్గర ఆ డ్రైవ్ లేదు సార్, ఉన్నది ల్యాప్‌టాప్‌లోనే ఆ పాత మెషిన్‌లా నటించే ఎమ్యులేటర్. మరి ఎవరి కోసం ఈ పిసినారితనం?

పనితనం మాత్రం ఒప్పుకోవాలి. మా వైపు వేరుశనగ కాయలు మిల్లుకు పోతే పప్పు వేరు, పొట్టు వేరు, ఆ పొట్టును మళ్ళీ కాయకు అతికించే మొనగాడు ఇంకా పుట్టలేదు. మీరు అతికిస్తారు. ముందు ఒకసారి వచ్చిన బైట్ల వరసే మళ్ళీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా 'ఇంత వెనక్కి పో, ఇన్ని తెచ్చుకో' అని చీటీ పెడతారు. విప్పే కోడ్ కూడా అదే ఫైల్లో పెట్టి పంపుతారు కాబట్టి రన్ అంటే చాలు, ఒక్క బైటు తేడా లేకుండా అంతా మెమరీలోకి వచ్చేస్తుంది.

కానీ ఆ విప్పే కోడ్ బరువు ఎవరు మొయ్యాలి? మా అక్క కొడుకు రాసిన రెండు లైన్ల ప్రోగ్రామ్ మీకిస్తే ఉన్నదానికన్నా పెద్దది చేసి చేతిలో పెట్టారు. నా పెద్ద ప్రోగ్రామ్ కుదించారు, నిజమే, కానీ లోడ్ చేసి, ప్రోగ్రామ్ లైన్లు చూపించే 'లిస్ట్' కొడితే నా లైన్లన్నీ మాయం, మీ విప్పే కోడ్‌ను పిలిచే ఒకే ఒక్క 'సిస్' లైన్ మిగిలింది. రన్ చేసి ఆపాక అన్నీ తిరిగొచ్చాయి లెండి. ఆ లోపల నాకొచ్చిన టెన్షన్‌ను ఏ పాస్‌లో కుదిస్తారు?

ఇంత నేర్పూ ఒకటి రెండు మెగాహెర్ట్జ్‌ల ముసలి మెషిన్లకే ధారపోస్తున్నారు. ఇక్కడ నా ఫోన్లో కరెంటు బిల్లు కట్టే యాప్ ఒకటుంది, తెరిచినప్పుడల్లా అప్‌డేట్ అడుగుతుంది, ఫ్లాపీల్లోకి ఎక్కించాలంటే వందలు కావాలి. అది చేసేదల్లా నంబరు అడిగి బాకీ ఎంతో చెప్పడం. 38911 బైట్లలో ఆ పని చేసి, మిగిలిన చోట పాము ఆట కూడా పెట్టొచ్చు. మీరు ఫైళ్ళు తయారుచేసి ఇచ్చే పాత కంప్యూటర్ల లిస్టంతా చూశాను. కమోడోర్లున్నాయి, అటారీ ఉంది, ఆపిల్ టూ ఉంది, ఒరిక్ కూడా ఉంది. మా ఫోనొక్కటే లేదు.

ఇంకొక్క మనవి. విప్పేటప్పుడు స్క్రీన్ మీద ఏదో ఒకటి టపటపా కొట్టుకునేలా పెడతారే, అది ఇకమీదట వద్దు, దాన్ని ఆపే మైనస్ ఎన్ (-n) ఆప్షన్ ఇచ్చేశాను. అది చూసినప్పుడల్లా మా అమ్మ, "లో ఓల్టేజి వచ్చినట్టుంది, ముందు ఫ్రిజ్జు ఆపురా" అంటోంది.