ముప్పై సెకన్ల ముద్దు, ముప్పై ఏళ్ల తాబేలు

శ్రీకాకుళంలో మా బంధువుల ఇంటి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన ఉన్న సిమెంటు తొట్టిలో ఒక తాబేలు ఉంది. ఎనిమిదేళ్ల క్రితం కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉన్నది ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుంటే తప్ప లేవదు. కంటి వెనుక ఎర్రటి చార ఉన్న ఈ జాతిని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. అరచేతిలోని ఆకును బుల్లి తాబేలు కొరుకుతున్న వీడియో చూసి పిల్లవాడు పట్టుబట్టాడు, తండ్రి కొనిపెట్టాడు. రెండు రోజులకే కంపుకొట్టే నీరు, దాదాపు అడుగు వరకూ పెరిగే ఒళ్లు, ముప్పై ఏళ్లు దాటగల ఆయుష్షు ఆ వీడియోలో లేవు.

సామాజిక మాధ్యమాలు క్రూరత్వాన్ని నేర్పుతున్నాయని నేననుకోను. ఇక్కడ చిక్కు ప్రేమతోనే వచ్చింది. ముద్దొచ్చిన ప్రాణిని చూసిన మరుక్షణం 'రేటెంత, ఎక్కడ దొరుకుతుంది' అని అడగడం సహజమైపోయింది.

2009లో లోకమంతా చుట్టివచ్చిన స్లో లోరిస్ వీడియోనే తీసుకోండి. మన దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టమైన ఆ జంతువుకు చక్కిలిగింతలు పెడుతుంటే అది చేతులు పైకెత్తి ఆనందిస్తున్నట్టు కనిపించింది. నిజానికి భయపడినప్పుడు అది చేతులెత్తుతుంది. మోచేతి దగ్గరి గ్రంథి నుంచి ఊరే స్రావాన్ని నాకి, లాలాజలంతో కలిపి, విషపు కాటుకు సిద్ధపడే భంగిమ అది. అమ్మకానికి వచ్చే లోరిస్‌లకు చాలాసార్లు ముందే పళ్లు కత్తిరించేస్తారు. ఆ వీడియో కింద చేరిన పన్నెండు వేలకు పైగా వ్యాఖ్యలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తమకూ అలాంటిదొకటి కావాలన్నవారు దాదాపు పదిమందిలో ఒకరు. చింపాంజీ పక్కన మనిషి నిలబడి ఉన్న ఫొటో చూసినవారు, ఆ జాతికి అడవిలో ముప్పేమీ లేదని, పెంచుకోవడానికి బాగుంటుందని ఎక్కువగా భావించినట్టు 2011లో మరో పరిశోధన తేల్చింది. అంటే వీడియో తీసినవారు మాటల్లో ఏమీ చెప్పకపోయినా, పక్కనున్న సోఫా, దుప్పటి, మనిషి చెయ్యి చెప్పేస్తున్నాయి.

చట్టం ఈ వేగాన్ని కొంత ఆలస్యంగా అందుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో, వన్య జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందమైన సైటీస్ జాబితాలోని విదేశీ జీవులకూ మన చట్టంలో చోటు దక్కింది. వాటిని పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆ జాబితాలో లేని షుగర్ గ్లైడర్ (ఎగిరే ఉడుతలా కనిపించే చిన్న జంతువు) వంటివాటికి ఈ నమోదు వర్తించదు. రాత్రిపూట మేలుకొని గుంపుగా బతికే ఆ ప్రాణిని పగలు చొక్కా జేబులోంచి తీసి చూపించే వీడియోలకు కొదవ లేదు. మరోవైపు, పంజరంలో రామచిలుకను పెంచడం నేరమన్న సంగతి ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు.

విదేశీ అన్న మాట కూడా చూసేవారి చోటును బట్టి మారుతుంది. శ్రీకూర్మం ఆలయ ఆవరణలో భక్తులు కూర్మనాథుడి రూపంగా చూసే నక్షత్ర తాబేలు, ఆగ్నేయాసియాలో దొంగచాటుగా అమ్ముడయ్యే విదేశీ పెంపుడు జంతువు. ఆ రవాణా కారణంగానే 2019లో దాన్ని దేశాల మధ్య వ్యాపారాన్ని దాదాపుగా నిషేధించే సైటీస్ మొదటి అనుబంధంలోకి చేర్చారు. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటి రాక ఊరికి శుభమని నమ్మే జనం రెట్టల వాసనను, గోలను నెలల తరబడి భరిస్తారు గానీ, ఒక్క పిల్లనైనా ఇంట్లోకి తెచ్చుకోవాలనుకోరు. ప్రేమించడానికి సొంతం చేసుకోనక్కర్లేదని చెప్పే ఇలాంటి ఊళ్లు పక్కనే ఉన్నా, మన పిల్లల కళ్లకు ముందుగా ఆనేది ఫోనులోని జంతువే.

మా బంధువుల అబ్బాయి ఇప్పుడు విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. తాబేలును నాగావళిలో వదిలేద్దామని ఇంట్లో ఒకసారి అనుకున్నారు. ప్రపంచంలోని వంద అతి ప్రమాదకర దురాక్రమణ జాతుల జాబితాలో అదీ ఉందని, నదిలోని మన తాబేళ్ల తిండికి, ఎండ కాచుకునే చోటుకు పోటీ వస్తుందని చెబితే ఆగారు. తొట్టిలో నీళ్లు ఇప్పుడు వాళ్ల నాయనమ్మ మారుస్తోంది. ఆవిడకు డెబ్బై రెండేళ్లు.