చెట్టుకు గద్దె కట్టినోళ్లకు ఒక దండం

ఇవాళ పొద్దున మా కాలనీ పార్కు ‘సుందరీకరణ’ పూర్తయింది. రిబ్బన్ కట్ చేశారు, లడ్డూలు పంచారు, వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఇంతకీ ఏం చేశారయ్యా అంటే, పాతికేళ్ల వేపచెట్లు, కానుగచెట్లు ఉన్నాయి కదా, ఒక్కోదాని చుట్టూ రెండడుగుల ఎత్తు గద్దె కట్టారు. ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగు, కూర్చోవడానికి పైన గ్రానైటు. గోడకీ చెట్టుకీ మధ్య మిగిలిన ఖాళీని ట్రాక్టర్ మట్టితో అంచు దాకా నింపేశారు. గద్దె బయటివైపు ఆకుపచ్చ పెయింటుతో ఆకులు గీశారు. ఐదేళ్ల తర్వాత ఆ పార్కులో మిగిలే ఆకులు అవే.

ఇందులో తప్పేముంది, చెట్టుకు మట్టే కదా వేశాం అంటున్నారు. మనిషిని మెడ దాకా పాతిపెట్టి తలకు పూలదండ వేసినట్టుంది. చెట్టు మొదలు నేలను తాకే చోట కాస్త వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది, చూడండి. అక్కడి బెరడుకు గాలి తగలాలి. దాని మీద రెండడుగుల తడిమట్టి ఏళ్ల తరబడి ఉంటే బెరడు మెత్తబడుతుంది, బూజు పడుతుంది, కుళ్లుతుంది, ఆ కుళ్లులోకి చెదలు దిగుతాయి. కింద జరిగేది ఇంకా ఘోరం. నీళ్లు తాగే సన్నవేళ్లు దాదాపు అన్నీ పైన ఒకటిన్నర, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. తల్లివేరు పాతాళానికి పోతుందని చిన్నప్పుడు బొమ్మ గీసిన జ్ఞాపకంతో ఇప్పుడు ఎస్టిమేట్లు వేస్తున్నారు. హైదరాబాద్‌లో చాలాచోట్ల మూడడుగులు తవ్వితే మొరం, ఆ కింద రాయి. వేరు కిందికి ఎక్కడికి పోతుంది? పక్కకే పోతుంది, కొమ్మల నీడ దాటి అవతలిదాకా పోతుంది. వేరుకూ ఊపిరి కావాలి. ఆ గాలి మట్టి రంధ్రాల్లోంచే రావాలి.

ఆ రంధ్రాలను మూసే పని గద్దెతో ఆగలేదు. మిగతా జాగంతా పేవర్ బ్లాకులే. పేవర్లకు నేను వ్యతిరేకిని కాను, సరిగ్గా వేస్తే నీళ్లు ఇంకుతాయి. 20 ఎంఎం కంకర పరిచి, దాని మీద సన్న చిప్స్, ఆ పైన సందులు వదిలిన బ్లాకులు, అంతే. మనవాళ్లు ముందు రోలర్ తొక్కిస్తారు, తర్వాత నాలుగంగుళాల పీసీసీ, అంటే కాంక్రీటు, పోస్తారు, దాని మీద ఇసుక, అప్పుడు 60 ఎంఎం బ్లాకు. సందుల్లో మళ్లీ సిమెంటు గ్రౌటు. కాంట్రాక్టర్‌ను అడిగితే ‘ఇంటర్‌లాకింగ్ టైల్స్ సార్, నీళ్లు పోతాయి’ అంటాడు. పోతాయి. రోడ్డు మీదికి పోతాయి.

చెట్టుకు ఎంత జాగ వదలాలన్నదానికి లెక్కుంది. ఛాతీ ఎత్తులో మాను అడ్డుకొలతకు పన్నెండు రెట్లు. టేపు పట్టి చుట్టుకొలత తీసేవాళ్లయితే దాదాపు నాలుగు రెట్లు. చుట్టూ ఐదడుగులున్న వేపకు మొదలు నుంచి ఇరవై అడుగుల దాకా అన్ని వైపులా జేసీబీ పళ్లు దిగకూడదు, సిమెంటు కలపకూడదు, కంకర కుప్ప పోయకూడదు. బొచ్చెలు కడిగిన సిమెంటు నీళ్లు కూడా అక్కడ పారబోయకూడదు, మట్టిలో సున్నం గుణం పెరిగి చెట్టుకు ఇనుము అందదు, లేతాకులు పసుపురంగుకు తిరుగుతాయి. ఇరవై అడుగులు ఇవ్వలేరు, సరే, సిటీ కదా. ఢిల్లీలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రైబ్యునల్ 2013లోనే చెట్టు చుట్టూ కనీసం ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయమంది. ఒక్క మీటరు! ఇక్కడ మీటరు కాదు గదా, జాన కూడా దొరకదు. టైల్‌ను మాను వంపుకు తగ్గట్టు కట్టర్‌తో కోసి మరీ అతికించారు, పనితనం చూపించారు.

చెట్టు నరకాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, 2002 నుంచి ఉంది, అనుమతి తీసుకోవాలి. గద్దె కట్టి చంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైగా రిబ్బన్ కటింగు.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. చెట్టు వెంటనే చావదు. మానులో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతో రెండేళ్లు, మూడేళ్లు, ఒక్కోసారి ఐదేళ్లు నెట్టుకొస్తుంది. ముందు చిటారు కొమ్మలు ఎండుతాయి, ఆకు చిన్నదవుతుంది, కొమ్మల మధ్యలోంచి ఆకాశం కనిపించడం మొదలవుతుంది. అప్పటికి కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని వేరే పార్కులో వేరే చెట్టు పని పడుతుంటాడు. మనం మాత్రం ‘వేపకు తెగులొచ్చింది’ అనుకుంటాం. తెగులు నిజమే, 2021 నుంచి తెలంగాణలో వేపచెట్లకు డైబ్యాక్, అంటే కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోయే తెగులు, బాగా కనిపించింది, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం. కానీ అది పట్టిన చెట్లు చాలావరకు ఎండాకాలం మొదట్లో మళ్లీ చిగురేశాయి. వేరు ఉక్కిరిబిక్కిరైన చెట్టు అలా తేరుకోదు, ఏటికేడు పైనుంచి కిందికి దిగుతుంది. ఏది తెగులో ఏది హత్యో తెలుసుకోవాలంటే చెట్టు మొదలు దగ్గర చూడాలి. మాను కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిందంటే మొదలు పూడిపోయిందనే అర్థం.

ఇదంతా వాళ్లకు తెలియక చేస్తున్నారా? కొందరికి తెలుసు. సంగతంతా ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో ఉంది. గోడ ఎన్ని క్యూబిక్ మీటర్లు, ప్లాస్టరింగు ఎన్ని చదరపు మీటర్లు, గ్రానైటు ఎన్ని రన్నింగ్ మీటర్లు, టేపు పెట్టి కొలిచి రాయొచ్చు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సంతకం పెట్టొచ్చు, బిల్లు పాసవుతుంది. ‘మట్టిని ముట్టుకోకుండా వదిలేశాం’ అన్నదానికి ఐటెం ఏది, రేటు ఏది? ‘రాలిన ఆకును మొదట్లోనే ఉంచాం’ అన్నది ఏ యూనిట్‌లో కొలుస్తారు? చెట్టుకు ఏదీ చేయకపోవడమే కావాలి, ఏదీ చేయకపోవడానికి టెండరు పిలవలేరు. అందుకే పార్కు బడ్జెట్ పెరిగినకొద్దీ పార్కులో నేల తగ్గుతుంది. అనుమానముంటే ఏ పార్కు ఎస్టిమేట్ అయినా తీసి చూడండి. కాంపౌండు, గేటు, ట్రాక్, గజిబో, ఓపెన్ జిమ్, ‘ఐ లవ్’ అక్షరాల సెల్ఫీ పాయింటు, ఫౌంటెన్. చివర్లో మొక్కలు, ఎరువు కలిపి ఒక్క లైను. ఆ ఫౌంటెన్ సంగతి వేరే పోస్టు రాయాలి, మోటారు కాలిపోయాక అది దోమల నర్సరీ.

లెక్క చూద్దాం. వంద అడుగులకు నూట ఎనిమిది, అంటే 1200 గజాల పార్కు. చుట్టూ ఆరడుగుల వాకింగ్ ట్రాక్ వేస్తే దానికే 260 గజాలు పోయాయి. బోరు గది, జిమ్, గజిబో, పిల్లల ఆటలు. మిగిలినదాంట్లో లాన్! ఎండాకాలం హైదరాబాద్‌లో లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకు చదరపు మీటరుకు ఐదారు లీటర్లు కావాలి. ఐదు వందల గజాల లాన్ అనుకున్నా రెండు రోజులకు ఒక ఐదువేల లీటర్ల ట్యాంకరు. ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లకే ట్యాంకరు దొరక్క బుకింగులో కొట్టుకుంటుంటే గడ్డికి ట్యాంకరు. అదే 1200 గజాల మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే యాభై వేల లీటర్లు, పది ట్యాంకర్లు. ఒక్క సాయంత్రంలో వచ్చే పది ట్యాంకర్లను పీసీసీ మీదుగా మోరీలోకి పంపించి, ఎండాకాలం రెండు రోజులకొకటి కొనుక్కునే తెలివి మనది. కొన్నిచోట్ల ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారు, నీళ్లే అక్కర్లేదట. మే నెల మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా ఒక్క నిమిషం నిలబడి మాట్లాడండి.

సరే, మొక్కలు నాటుతున్నాం కదా అంటారు. సర్కారు మొక్కలు నాటే పథకం హరితహారం 2015లో మొదలైంది, రాష్ట్రంలో చెట్ల విస్తీర్ణం 24 శాతం నుంచి 33కు తేవాలని. 2019 మున్సిపల్ చట్టంలో పది శాతం గ్రీన్ బడ్జెట్ పెట్టారు, నాటినవాటిలో 85 శాతం బతకాలన్నారు. మంచి మాటే. కానీ బతికినవి లెక్కపెడతారంటే ఏం నాటుతారు? చావని మొక్క నాటుతారు. అలా వచ్చిందే కోనోకార్పస్. ఎక్కడో సముద్ర తీరాల మొక్క, మేక ముట్టదు, నీళ్లు పెట్టకపోయినా పచ్చగా ఉంటుంది, ఏడాదిలో తలెత్తు దాటుతుంది. లెక్కకు దివ్యంగా ఉంటుంది. పిట్టకు పండు లేదు, మనిషికి నీడ లేదు. తర్వాత పుప్పొడి, ఎలర్జీ, పైపుల్లోకి వేళ్లు అని లొల్లి మొదలైంది, ఇక్కడా నాటొద్దన్నారు, గుజరాత్ 2023లో ఏకంగా నిషేధించింది. నాటమన్నప్పుడు ఎవరైనా నేరేడు, నెమలినార, పొగడ, తెల్లమద్ది సంగతి అడిగారా? వాటికి మూడేళ్లు ఓపిక కావాలి. మూడేళ్ల ఓపికకు టెండరు లేదు, ఏడాది మెయింటెనెన్స్‌కే ఉంది.

నాటడం కూడా ఎలా! మూడడుగుల గుంత అని రాస్తారు, మొరం తగలగానే అడుగున్నరకు ఆపుతారు. నల్ల కవరు కింద మాత్రమే చింపి లోపలికి తోసేస్తారు. కవర్లో ఏడాదికి పైగా ఉన్న మొక్క వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి, కవరు మొత్తం తీసి, ఆ చుట్టను మూడువైపులా నిలువుగా బ్లేడుతో కోయాలి. కోయకపోతే ఆ వేళ్లు అక్కడే తిరుగుతూ లావెక్కి పదేళ్లకు చెట్టు మొదలునే బిగిస్తాయి. మొక్క మొదలు నేల మట్టానికి ఉండాలి, గుంతలోకి దిగకూడదు. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు ఇరవై, ముప్పై లీటర్లు నెమ్మదిగా ఇవ్వాలి, రోజూ పైపుతో చిలకరిస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. ఊతకర్రకు కట్టిన తాడు ఆరునెలలకోసారి వదులు చేయాలి. మూడో ఏడు ఇనుప గార్డు తీసేయాలి. మనవాళ్లు గార్డు తీయరు, దాని మీద దాత పేరుంది కదా. చెట్టు లావెక్కి ఇనుమును మింగేస్తుంది, పేరు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

ఇక జూన్ వస్తే కొమ్మలు కొట్టేవాళ్లు. కరెంటు తీగ కింద తురాయి, కొండచింత నాటింది ఎవరో, ఇప్పుడు మొండెం చేసేది ఎవరో. కొమ్మ కొట్టాలంటే ముందు కింది నుంచి పావువంతు గాటు, దానికి కాస్త అవతల, కొమ్మ చివరివైపు, పైనుంచి కోత, చివరికి మిగిలిన మోడును కొమ్మ మొదట్లోని ఉబ్బు దగ్గర, ఉబ్బును కోయకుండా తీయాలి. ఒక్కసారికి పచ్చి కొమ్మల్లో పావువంతు మించకూడదు. కత్తితో తల నరికేస్తే నరికిన చోట గుబురుగా పిలకలొస్తాయి, చూడ్డానికి ‘మళ్లీ చిగురించింది సార్’. ఆ పిలకలకు లోపల పట్టుండదు, పైబెరడుకు అతుక్కుని ఉంటాయంతే, రెండేళ్లకు బరువెక్కి ఏప్రిల్ ఈదురుగాలికి కారు మీద పడతాయి. అప్పుడు ‘ప్రమాదకరమైన చెట్టు’ అని మొత్తం కొట్టేస్తారు. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో మన నగరానికి వరల్డ్ గ్రీన్ సిటీ అవార్డు ఇచ్చారు, ఔటర్ రింగ్ రోడ్డు పచ్చదనానికి. సంతోషం. ఔటర్ మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతూ చూసే పచ్చదనం. బస్టాపులో నిలబడ్డ ఆమెకు డివైడర్ మీది రాయల్ పామ్ నీడ ఎంత పడుతుందో అవార్డు కమిటీకి ఎవరైనా చూపించారా? సెంట్రల్ యూనివర్సిటీ పక్కన చెట్లతో నిండిన కంచ గచ్చిబౌలిలో 2025లో వారం తిరక్కముందే ఎన్ని ఎకరాలు చదునైపోయాయో, సుప్రీంకోర్టు ఆపమనేదాకా జేసీబీలు ఎలా తిరిగాయో అందరం చూశాం. ఆ నాలుగు వందల ఎకరాల మీద పోస్టులు పెట్టినవాళ్లలో సగం మంది ఇవాళ గద్దె మీద కూర్చుని ఫోటోలు దిగారు, అదీ నా మంట.

అసలు ఆ పార్కు జాగ సంగతే తేలలేదు. లేఅవుట్ వేసినప్పుడు పది శాతం ఖాళీ జాగ అని చూపించి ప్లాట్లమ్మారు. సగం జాగలో ఇవాళ కమ్యూనిటీ హాలు లేని కాలనీ ఎక్కడుందో చూపించండి. హాలు, వాటర్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్, మూలన గుడి, పక్కన షటిల్ కోర్టు, పార్కు అన్న బోర్డు మాత్రం గేటుకే ఉంటుంది. 2024లో ఆక్రమణలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక బయటివాడు ఆక్రమించిన పార్కు జాగకు ఫిర్యాదు చేయడానికి దారి దొరికింది. అసోసియేషనే పరిచిన కాంక్రీటు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలి? అనుమతి పొందిన లేఅవుట్ కాపీ ఆర్టీఐ వేసి తీయండి, ఖాళీ జాగ ఎన్ని గజాలో చూడండి, టేపు పట్టుకుని పార్కులో మట్టి కనిపించే చోటు ఎంతుందో కొలవండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి గ్రూపులో వేయండి. ‘ఆకులు రాలుతున్నాయి, ఆ కానుగ తీసేయించండి’ అని ప్రతి ఫిబ్రవరిలో మెసేజ్ పెట్టే పెద్దాయనే ముందు వస్తాడు, ‘అన్నీ నెగెటివ్‌గా ఆలోచిస్తారేంటండీ’ అంటాడు. ఆ వెంటనే హాలు బుకింగుల పైసలు చెట్లకు ఎంత పెట్టారో అడగండి. అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేస్తారు.