"అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే వాక్యం గారికి, మా గడప దగ్గర్నుంచి

తమరికి నమస్కారం.

ఆన్‌లైన్లో కొన్న ఫ్రిజ్ తెస్తూ విరిచిన మా గడపని చూడ్డానికి వస్తానన్న తమరి మనిషి కోసం ఇవాళ మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా మా వీధి అరుగు మీదే కూర్చున్నానండి. ఆఫీసులో హాఫ్ డే లీవు పెట్టి మరీ. తలుపులు బార్లా తీసి, పక్కన ఇంకో కుర్చీ వేసి రెడీగా ఉన్నాం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆయన ఎండన పడి వస్తాడు కదా అని అమ్మ మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేసి ఉంచింది. 4 గంటల 10 నిమిషాలకి ఫోన్ టింగుమంది. "మా ప్రతినిధి వచ్చిన సమయంలో కస్టమర్ అందుబాటులో లేరు. మీ టికెట్ క్లోజ్ చేయబడింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

అందుబాటులో లేనా? ఆ 4 గంటల్లో మా వీధిలోకి ఎవరెవరొచ్చారో వరసపెట్టి చెప్పమంటే చెప్తాను. గ్యాస్ బండి, మైకులో పాత సామాన్లు కొంటాం అని అరుచుకుంటూ తిరిగే ఆటో, పక్కింటి పిల్లాడి ట్యూషన్ మాస్టారు, రెండు గేదెలు. గేదెలైనా నయం, ఓసారి ఆగి మా గడప వంక చూసి వెళ్ళాయి.

తమరితో పరిచయం ఈనాటిది కాదులెండి. చిన్నప్పుడు సామర్లకోట స్టేషన్లో రైలు గంటన్నర లేటని చెప్పి చివర్లో తమరిని వినిపించేవారు. ఎవరో ఒకావిడ లోపల గదిలో కూర్చుని నిజంగానే మా గురించి చింతిస్తోందనుకునేవాణ్ణి. పాపం ఇన్ని రైళ్ళకి ఆవిడ ఒక్కర్తే ఎంతని చింతిస్తుంది అని అమ్మతో అంటే, "చింతా లేదు చింతపండూ లేదు, ముందు నువ్వు ఆ సంచీ చూసుకో" అంది. అమ్మకి తమరి సంగతి అప్పుడే తెలుసు.

ఈ 17 రోజుల్లో తమరు నాకోసం 11 సార్లు చింతించారు, దేనికి చింతిస్తున్నారో మాత్రం ఒక్కసారీ అడగలేదు. అందుకే నేనే చెప్తున్నా. మాది కాకినాడ. 1994లో పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకున్నప్పుడు పాతింట్లోంచి మిగుల్చుకున్నది ఒక్క సింహద్వారమే. బర్మా టేకు. మా ముత్తాత రంగం నుంచి, అదే రంగూన్ నుంచి, ఓడలో తెచ్చిన దుంగ అని ఇంట్లో చెప్పుకుంటారు, రసీదు మాత్రం అడక్కండి. ముందు మామ్మ, తర్వాత అమ్మ, ప్రతి శుక్రవారం ఆ గడపకి పసుపు రాసి బొట్లు పెట్టడమే. దాని మీద కూర్చుంటే మాకు వీపు విమానం మోత మోగేది, ఇంక తొక్కితే సరేసరి. మా ఆవిడ కొత్తగా కాపరానికొచ్చిన రోజు బియ్యం చెంబు తన్నింది కూడా ఆ గడప మీంచే.

అలాంటి గడప మీంచి డబుల్ డోర్ ఫ్రిజ్ని, అట్టపెట్టెతో కలిపి 60 కేజీల పైమాటే ఉంటుంది, తమరి కుర్రాళ్ళు లోపలికి తెచ్చిన వైనం వినండి. వచ్చింది ఇద్దరు, కాదనను. కానీ అందులో ఒకడు ఫోన్ పట్టుకుని "ఓటీపీ చెప్పండి సార్, ఓటీపీ" అని నా వెంటపడ్డాడు. ముందు లోపల పెట్టండి బాబూ అంటే "లేటైతే మాకు కట్ అయిపోద్ది సార్" అన్నాడు. ఫ్రిజ్ సగం వరండాలో, సగం గడప మీద. పోనీలే అని ఆ అంకెలు చెప్పాను, అదీ నేను చేసిన తప్పు. ఈ కుర్రాడు అవి నొక్కుతుంటే అక్కడ రెండోవాడు ఒక్కడే పెట్టెని వెనక్కి వాల్చి, అంచు గడప మీద ఆనించి, గునపం కింద రాయి పెట్టి బండని లేపినట్టు లేపాడు. టప్‌మని శబ్దం వచ్చింది. పెద్ద శబ్దం కూడా కాదు, పక్కింట్లో ఎవరో కొబ్బరికాయ కొట్టినట్టు. జానెడు పెచ్చు లేచిపోయింది. అక్కణ్ణుంచి సన్నటి బీట పక్కనున్న నిలువు చెక్క దాకా పాకింది. ఇన్నేళ్ళ పసుపు పొరల కింద ఆ చెక్క ఏ రంగులో ఉంటుందో ఆ రోజే చూశాను నేను. ఇంకా అందరం దాని వంకే చూస్తున్నాం, ఫోన్ టింగుమంది. "మీ ఆర్డర్ విజయవంతంగా డెలివరీ చేయబడింది."

గోడకి గీత పడింది, గేటు గడియ వంగింది, తులసికోట పక్కనున్న బంతి కుండీ పోయింది. అవన్నీ నేను వదిలేశాను. గోడకి గీతలు మావాడు కూడా పెడతాడు.

గడప సంగతికి మాత్రం ఫోన్ చేశానండి. "ఓటీపీ ఇచ్చాక జరిగినదానికి మా బాధ్యత ఉండదు సార్." ఇచ్చాక కాదమ్మా, ఇస్తుండగా. "అంటే డెలివరీ అయిపోయినట్టే కదా సార్." సగం బయటే ఉంది తల్లీ. "సిస్టంలో లోపలున్నట్టే చూపిస్తోంది సార్." ఫ్రిజ్‌కి దెబ్బ తగిలితే మార్చి ఇస్తారట, ఇంటికి తగిలితే పాలసీలో లేదట. అమ్మినవాడు వేరే సెల్లరు, తెచ్చినవాడు వేరే కాంట్రాక్టరు, డబ్బులు పడింది మాత్రం వీళ్ళ ఖాతాలో. లోపల కాదు, బయట కాదు, ఓటీపీకి ముందు కాదు, తర్వాత కాదు, అమ్మినవాడి వల్ల కాదు, తెచ్చినవాడి వల్ల కాదు. ఏవండోయ్, ఈ వరం ఎక్కడో విన్నట్టు లేదూ? హిరణ్యకశిపుడు కూడా అచ్చం ఇలాగే క్లాజులన్నీ రాయించుకున్నాడు. ఆయన టికెట్ ఎక్కడ క్లోజయిందో తమరికి గుర్తుండే ఉంటుంది. గడప మీదే.

ఫోన్ వల్ల కాదని చాట్‌లోకి వెళ్ళాను. మీ సమస్యను ఎంచుకోండి అంది. వస్తువు రాలేదు, తప్పు వస్తువు వచ్చింది, వస్తువు పాడైంది, ఇతరములు. "ఇతరములు" నొక్కితే తిప్పి తిప్పి మళ్ళీ మొదటికే తెచ్చి పడేస్తోంది. చేసేది లేక "వస్తువు పాడైంది" నొక్కి గడప ఫోటోలు 6 పెట్టాను. రెండ్రోజులాగి పొద్దున్నే ఇంకో ఇద్దరు దిగారు. "రిటర్న్ పికప్ సార్, ఫ్రిజ్ డ్యామేజ్ అని పడింది." ఫ్రిజ్ బంగారంలా ఉందయ్యా, డ్యామేజ్ అయింది గడప అన్నాను. అతను ఫోన్ చూశాడు, గడప చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు. "గడప మాకు పికప్‌లో లేదు సార్" అన్నాడు, చాలా నిజాయితీగా. అప్పటికే అందులో దోసెల పిండి, పెరుగు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా సర్దేసింది అమ్మ. పైగా ఫ్రిజ్ వెనక్కి వెళ్ళాలన్నా ఆ గడప మీంచే కదా వెళ్ళాలి! చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడింది. సాయంత్రానికి "కస్టమర్ పికప్ నిరాకరించారు" అని మెసేజు, వెనకాలే తోకలా తమరు.

తమరి వాళ్ళు పంపిన 500 రూపాయల కూపన్ సంగతి చెప్పనే లేదు కదూ. 3,000 పైన కొంటేనే, అదీ వారం లోపల. అంటే ఇంకోటి కొనాలి, దాన్నీ ఆ గడప మీంచే లాగించాలి.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకునేవాణ్ణేమో. ఒక్కటే మింగుడు పడట్లేదు. ఆ రోజు గడప విరిచిన కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, పెచ్చు చేతిలోకి తీసుకుని, వంగి గడపని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "తప్పైపోయిందండి అమ్మగారూ, మా అమ్మ కూడా రాస్తదండి పసుపు" అన్నాడు. అంతే. అమ్మ కోపం సగం అక్కడే దిగిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నిన్న ఫోన్లో తమరి వాళ్ళు నాకేం చెప్పారో తెలుసా? "ఆ డెలివరీ బాయ్ మీద కంప్లైంట్ పెట్టమంటారా సార్, ఆయన పేమెంట్‌లోంచి రికవరీ చేస్తాం."

అక్కడ కాలింది నాకు. ఇంక తమరూ లేదు గిమరూ లేదు. అంత బరువుకి ఇద్దరంటే ఇద్దర్నే పంపిందెవరు? ఆ ఇద్దర్లో ఒకణ్ణి ఫోన్‌కి కట్టేసిందెవరు? ఎత్తడానికి ఒక్క బెల్టయినా ఇవ్వకుండా రోజుకిన్ని ఇళ్ళు అని తరిమిందెవరు? తప్పు ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి జీతం కోసేసి, ఒప్పుకోకుండా గడిపెయ్యడానికి నిన్ను పెట్టుకున్నారు. క్లోజ్ చేయబడిందట. ఎవరిచేత చేయబడింది? చింతిస్తున్నారట. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ కుర్చీలో కూర్చుని? పైగా అసౌకర్యమట. అసౌకర్యం అంటే రైల్లో సైడ్ అప్పర్ బెర్తు. అసౌకర్యం అంటే పెళ్ళిలో మూడో బంతికి కూర్చుంటే గుత్తొంకాయ అయిపోవడం. ఇంటి గడప విరిగితే దాన్ని నష్టం అంటారు, చిన్న మాటే, పలకడం కష్టమేం కాదు.

మా బావ కోర్టుల చుట్టూ తిరిగే మనిషి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అన్నాడు. 48 గంటలు నీకెందుకు, 4 సెకన్లకే వచ్చి వాలతావు. నెలకి ఇంకా 13 రోజులుంది, అదీ చూస్తా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఎక్కించాను. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు నేనుండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు. ఒక్కచోటే ఆగిపోయాను, పరిహారం ఎంత కావాలో రాయాలట. అమ్మనడిగితే "గడపకి వెల కడతావేంట్రా, లెంపలేసుకో" అంది. వేసుకున్నాను.

కార్పెంటర్ వచ్చి చూశాడు. గడప మార్చాలంటే నిలువు చెక్కలు అందులోకే దిగి ఉంటాయి కాబట్టి ద్వారబంధం మొత్తం కదపాలట. లేదంటే రంపపు పొట్టు ఫెవికాల్లో కలిపి కూరి, పెచ్చు అతికించి రెండు మేకులు కొడతానన్నాడు. గడపకి మేకులా అని అమ్మ ఒప్పుకోలేదు. ఆ పెచ్చు ఇప్పుడు పాత జాకెట్టు గుడ్డలో చుట్టి దేవుడి అరలో ఉంది, కుంకం భరిణె పక్కన.

రేపు శుక్రవారం. పోయినవారం పసుపు రాస్తే అంతా బీటలోకి దిగి పచ్చటి గీతలా నిలబడింది, అమ్మ చూసి ఏమీ అనలేదు, గిన్నె పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. కాబట్టి రేపు పొద్దున్న ఒక మనిషిని పంపు. చెక్కులూ కూపన్లూ తర్వాత చూద్దాం. వచ్చి, వంగి, దాన్ని ఒక్కసారి చూడమను. మజ్జిగ ఇంకా ఉంది.

నువ్వు మాత్రం రాకు.

ఇట్లు,
అందుబాటులోనే ఉన్న కస్టమర్