"డేవిడ్ కానిదంతా తీసేశాను" ఫార్వర్డుకు జవాబు

వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చే మెసేజ్ ఒకటుంది. డేవిడ్ విగ్రహం ఎలా చెక్కావని అడిగితే "డేవిడ్ కానిదంతా తీసేశాను" అన్నాడట ఇటలీ శిల్పి మైకెలాంజెలో. కాబట్టి గొప్ప శిల్పికి బొమ్మ రాతిలోనే కనిపిస్తుందట, ముందు గీసుకోవడం చేతకానివాళ్ల పనట. పైగా చదునైన కాగితం చిత్రకారుడికి పనికొస్తుంది గానీ శిల్పికెందుకని ఎదురు ప్రశ్న.

ముందు ఆ మాట సంగతి. ఆయన ఉత్తరాల్లో, పద్యాల్లో, ఆయన బతికుండగా వచ్చిన జీవితచరిత్రల్లో ఎక్కడా అది లేదు. ఉన్నది ఒక సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం. గొప్ప కళాకారుడికి తట్టే ఏ ఊహైనా పాలరాతిలో ఉంటుందని అందులో అన్న మాట నిజమే. అయితే బుద్ధి చెప్పినట్టు వినే చెయ్యి మాత్రమే దాన్ని అందుకుంటుందని వెంటనే అన్నాడు. ఈ రెండో సగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక గీయలేదన్న మాట. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఆయన గీసిన కాగితం ఒకటుంది. దానిమీద ఆయన కంచుతో చేసిన ఇంకో డేవిడ్ కోసం వేసిన చిత్తు బొమ్మ, పక్కనే ఈ పాలరాతి డేవిడ్ చేయి ఉన్నాయి. పెద్ద రాయి ముట్టుకునే ముందు మైనంతో నమూనా చేశాడని ఆయన జీవితచరిత్ర రాసిన వసారి రాశాడు. శిష్యుడు ఆంతోనియో మినీకి ఒక కాగితం మీద "గీయి ఆంతోనియో, గీయి ఆంతోనియో, గీయి, టైమ్ వేస్ట్ చేయకు" అని రాసిచ్చాడు కూడా. మరి ఈ అపోహ ఎక్కణ్ణుంచి వచ్చింది? తను పడ్డ కష్టం ఎవరికీ కనబడకూడదని చివర్లో బోలెడన్ని డ్రాయింగులు తగలబెట్టాడని వసారే చెప్పాడు. కొంత పాపం ఆయనదే.

చదునైన కాగితం అన్న వాదనకు ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్ సరైన జవాబు. మట్టి నమూనాను రాతిలోకి కాపీ కొట్టకుండా నేరుగా చెక్కాలని పట్టుబట్టిన తరం ఆయనది. మెసేజ్ ప్రకారం ఆయన అసలు పెన్సిలే పట్టకూడదు! కానీ 1921లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరిన కుర్రాడు బ్రిటిష్ మ్యూజియం చుట్టూ తిరుగుతూ నోట్‌బుక్కులు నింపాడు. ఆఫ్రికా, మెక్సికో, ఈజిప్టు శిల్పాల కాపీలు, వాటి పక్కనే తన సొంత ఊహలు ఒకే పేజీలో కిక్కిరిసి ఉంటాయి. ఒక బొమ్మ కింద ఇంకోటి, మోకాలు కాస్త పైకి, తల కాస్త చిన్నగా. రాయి మీద ఇన్నిసార్లు మనసు మార్చుకుంటే రాయే మిగలదు.

తర్వాత ఆయన ఒక పద్ధతి పట్టాడు. ఆకారం మీద అడ్డంగా, నిలువుగా గీతలు చుట్టడం, చేతికి గాజులు తొడిగినట్టు. నీడలు వేయకుండానే ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ లోపలికి పోయింది తెలిసిపోతుంది. అంటే ఆయన కాగితం మీదే గుండ్రంగా ఆలోచిస్తున్నాడు.

డ్రాయింగ్ వల్ల ప్రమాదమే లేదని నేననను. 1937లో మూర్ స్వయంగా రాశాడు: వెలుగునీడలతో మరీ పూర్తిగా గీస్తే శిల్పం దానికి ప్రాణం లేని కాపీ అయిపోతుందని. అందుకే కావాలని కొంత వదిలేసి గీసేవాడు. చెక్కడం నిదానంగా సాగే పని కాబట్టి, చెక్కడానికి టైమ్ దొరకని ఊహలకు కాగితమే దారి అని కూడా అన్నాడు. కొన్నిసార్లు ఏం గీయాలో తెలియకుండానే మొదలుపెట్టేవాడట. గీతల్లోంచే ఊహ పుట్టేది. రాతిలో బొమ్మను ముందే చూసి మిగతాది తీసేయడానికి పూర్తి వ్యతిరేకం ఇది.

ఫార్వర్డ్ చేసేవాళ్లకు పనికొచ్చే నిజం ఒకటి నేనే ఇస్తాను. 1950ల నుంచి మూర్ డ్రాయింగ్ తగ్గించి, చేతిలో పట్టుకుని అన్ని వైపులా తిప్పి చూడగలిగే చిన్న ప్లాస్టర్ నమూనాలతో మొదలుపెట్టేవాడు. కాకపోతే అప్పటికి ఆయన వెనుక ముప్పై ఏళ్ల నోట్‌బుక్కులున్నాయి. 1972లో, డెబ్బై దాటాక, స్టూడియో కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ బాల్‌పెన్‌తో ఇంకో స్కెచ్‌బుక్ నింపాడు.