రోజ్‌బడ్‌లో న్యాయం ఎందుకు కిరాయికి పోయింది?

స్కూల్లో ఒక చిన్నపిల్ల మీద అత్యాచారం చేసింది అక్కడి పీటీ మాస్టారే. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) అధికారులు కేసు పట్టించుకోలేదు. దిక్కుతోచని తండ్రి డబ్బు కూడగట్టి వర్జిల్ వూండెడ్ హార్స్ అనే మనిషిని ఆశ్రయిస్తాడు. వర్జిల్ ఆ మాస్టారిని చావబాదుతాడు. 2020లో వచ్చిన ‘వింటర్ కౌంట్స్’ నవల ఇలా మొదలవుతుంది. కథ జరిగేది అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, రోజ్‌బడ్ రిజర్వేషన్‌లో. రిజర్వేషన్ అంటే అక్కడి ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతం. రచయిత డేవిడ్ హెస్కా వాంబ్లీ వైడెన్ అక్కడి సికాంగు లకోటా తెగ పౌరుడు, లా చదివినవాడు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికిన కాపీని మామూలు క్రైమ్ నవల అనుకునే చదవడం మొదలుపెట్టాను. వర్జిల్‌ని చూస్తే, చట్టాన్ని చేతిలోకి తీసుకునే సినిమా హీరోలాగే అనిపిస్తాడు. కానీ అతన్ని అలా చదివితే నవలకు అన్యాయం చేసినట్టే. వర్జిల్‌ని పుట్టించింది వాషింగ్టన్‌లో చేసిన చట్టాలు.

దీని వెనక ఉన్న కథ కూడా రోజ్‌బడ్‌లోనే మొదలైంది. 1881లో క్రో డాగ్ అనే లకోటా మనిషి తెగ నాయకుడు స్పాటెడ్ టెయిల్‌ను కాల్చి చంపాడు. పెద్దలు కూర్చుని రాజీ కుదిర్చారు. హతుడి కుటుంబానికి 600 డాలర్లు, 8 గుర్రాలు, ఒక దుప్పటి ఇచ్చారు. లకోటాల లెక్కలో ఆ తగువు అక్కడితో తీరిపోయింది. అయినా తెల్లవాళ్ల కోర్టు క్రో డాగ్‌కు ఉరిశిక్ష వేసింది. ఈ కేసు మీద మీకు అధికారం లేదంటూ 1883లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. దానితో మండిపడ్డ అమెరికా చట్టసభ, కాంగ్రెస్, 1885లో మేజర్ క్రైమ్స్ యాక్ట్ తెచ్చి, రిజర్వేషన్లలో హత్య, అత్యాచారం లాంటి నేరాలను ఫెడరల్ ప్రభుత్వం పరిధిలోకి తెచ్చింది. ఆదివాసీలు కానివాళ్లు అక్కడ నేరం చేస్తే తెగ కోర్టు విచారించకూడదని 1978లో మరో తీర్పు వచ్చింది. 2010 దాకా తెగ కోర్టు ఎంత ఘోరమైన నేరానికైనా ఏడాదికి మించి జైలుశిక్ష వేయలేకపోయింది. ఆ ఏడాది కొత్త చట్టం కొన్ని షరతులతో దాన్ని మూడేళ్లకు పెంచింది.

అధికారం తీసుకున్నవాళ్లు పని చేశారా? 2005-2009 మధ్య రిజర్వేషన్ల నుంచి వచ్చిన కేసుల్లో దాదాపు 9,000 కేసులను ఫెడరల్ ప్రాసిక్యూటర్లు తేల్చేశారు. వాటిలో సగం కేసులను వాళ్లు కోర్టుకే తీసుకెళ్లలేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2010లో తేల్చింది. లైంగిక నేరాల్లో అలా వదిలేసినవి 67 శాతం. సాక్ష్యాలు చాలలేదన్నది ఎక్కువగా చెప్పిన కారణం. సాక్ష్యం సేకరించాల్సిన బాధ్యత కూడా అదే ప్రభుత్వానిది కదా! ఈ అంకెలు చూశాక, వర్జిల్‌కి డబ్బిచ్చిన తండ్రిని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు చాలా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్‌కి వెళ్లి ఫొటోలు దిగుతాయి. అది ఉన్న బ్లాక్ హిల్స్ కొండలు, అమెరికా ప్రభుత్వం 1868లో చేసుకున్న ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం లకోటాలవి. వాటిని అన్యాయంగా లాక్కున్నారని 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకుని పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేసింది. మాకు కొండలే కావాలంటూ లకోటాలతో కూడిన సూ తెగలు ఆ డబ్బు ముట్టుకోలేదు. లకోటాలకు హాని చేసే తెల్లవాళ్లను అరెస్టు చేసి శిక్షిస్తామన్న హామీ కూడా ఆ ఒప్పందంలోనే, మొదటి ఆర్టికల్‌లోనే ఉంది. అది అమలై ఉంటే తర్వాతి గొడవల్లో చాలా ఉండేవి కావు.

నవలలో లోపాలు లేకపోలేదు. డెన్వర్ నుంచి హెరాయిన్ తెచ్చే ముఠా వెంట పడ్డాక కథ బాగా నలిగిన దారిలోకి వెళ్తుంది. ఆ ఛేజింగుల కంటే, ప్రభుత్వం పంచే చవకబారు తిండి వదిలి పూర్వీకుల వంటలవైపు మళ్లాలని తాపత్రయపడే మేరీ పాత్ర నాకు ఎక్కువ నచ్చింది. నవలకు అసలు బలం వర్జిల్ మేనల్లుడు నేథన్ డ్రగ్స్ కేసులో ఇరుక్కున్నప్పుడు వస్తుంది. పసిపిల్ల మీద అత్యాచారం చేసినవాడిని పట్టించుకోని ఫెడరల్ వ్యవస్థ, పద్నాలుగేళ్ల పిల్లవాడిని ఇన్‌ఫార్మర్‌గా మార్చి, వాడి ఒంటికి మైక్ తగిలించి ముఠా మధ్యకు పంపడానికి మాత్రం ముందుకొస్తుంది. అన్నాళ్లూ పిడికిలినే నమ్ముకున్న వర్జిల్, పిల్లవాడిని కాపాడుకోవడం కోసం ఆ అధికారులతోనే బేరమాడాల్సి వస్తుంది.