స్క్రూ లేని ఎక్స్‌ట్రూడర్: బొబ్బిలిలో ఒక వాదం

బొబ్బిలి పారిశ్రామిక వాడలో పాత వలలు, పైపు ముక్కలు కరిగించి గుళికలు చేసే చిన్న కర్మాగారం. యజమాని మామయ్య. మేనకోడలు పాలిమర్ ఇంజనీరింగ్ చదివింది. ప్లాస్టిక్‌ను కరిగించి రంధ్రంలోంచి బయటికి తోసే యంత్రం ఎక్స్‌ట్రూడర్. అందులో తిరుగుతూ సరకును ముందుకు తోసేది స్క్రూ. అరిగిపోయిన స్క్రూ ఒకటి వాళ్ళ మధ్య బల్ల మీద ఉంది. స్క్రూ లేకుండానూ నడపొచ్చంటోంది మేనకోడలు.

మామయ్య: స్క్రూ లేకుండా ఎక్స్‌ట్రూడరా? కవ్వం లేకుండా వెన్న తీస్తానన్నట్లుంది.

మేనకోడలు: జంతికల గొట్టాన్ని పైనుంచి నొక్కితే పిండి దిగడం లేదా? టెఫ్లాన్ కడ్డీలు ఇప్పటికీ అలాగే నొక్కి చేస్తారు. 327 డిగ్రీల దగ్గర కరిగినా అది ధారకట్టదు, స్క్రూకు లొంగదు.

మామయ్య: నా వలలు, పైపుల ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ. అది 130 డిగ్రీల దగ్గరే కరిగి చక్కగా పారుతుంది. గొట్టం ఖాళీ అయినప్పుడల్లా ఆగి పిండి కూరుకుంటూ కూర్చోనా?

మేనకోడలు: ఆగకుండా నడిచేదీ ఉంది మామయ్యా. 1959లో అమెరికాలో బ్రైస్ మాక్స్‌వెల్, స్కలోరా అనే ఇద్దరు దాన్ని వివరించారు. ఎదురెదురుగా రెండు పళ్ళేలు. ఒకటి తిరుగుతుంది, కదలని దానికి నడుమ రంధ్రం. సందులో ప్లాస్టిక్ కరుగుతుంది. గిన్నెలో నీళ్ళు గిరగిరా తిప్పితే అంచులకు పోతాయి. కానీ గుడ్డు తెల్లసొనలో కడ్డీ తిప్పి చూడండి, అది కడ్డీని పట్టుకుని పైకెక్కుతుంది. వైసెన్‌బర్గ్ ప్రభావం అంటారు. పొడవాటి అణువులు ఆ తిరుగుడులో సాగి, రబ్బరు పట్టీలా బిగుసుకుని, కరిగిన సరకును నడిమికి నొక్కుతాయి. వెనకనుంచి తోసేవాళ్ళు అక్కర్లేదు! వేడిలో ఉండేది కొద్దిసేపే. ఇదివరకే ఒకసారి కాగిన పాత ప్లాస్టిక్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

మామయ్య: ఒత్తిడి ఎంత వస్తుంది?

మేనకోడలు: తక్కువే.

మామయ్య: సరకు బయటికొచ్చే రంధ్రం, అదే డై, దాని ముందు చెత్త పట్టే జాలీ ఉంది. చెత్త చిక్కుకునేకొద్దీ ఇంకా గట్టిగా తోయాలి. నీ పళ్ళేలు తోస్తాయా?

మేనకోడలు: వాటివల్ల కాదు. తర్వాత సరకును గట్టిగా తోసే గేరు పంపో, పొట్టి స్క్రూనో పెట్టాలి.

మామయ్య: స్క్రూ మళ్ళీ వచ్చిందిగా!

(ఇక్కడ ఆమె దగ్గర జవాబు లేదు. ఉన్నట్లు రాస్తే అబద్ధమవుతుంది.)

మేనకోడలు: ఈ స్క్రూని తిన్నదేమిటి? ఇసుక. భావనపాడు జాలర్ల పాత వలల్ని మీరు ఇసుకతోనే తూకం వేయించుకుంటున్నారు.

మామయ్య: కడిగి తూస్తే వాళ్ళకు డబ్బు తగ్గదా? చిరిగిన వల అమ్ముకునేవాడి దగ్గర నేను ఇసుక లెక్క చూడాలా?

మేనకోడలు: తగ్గనివ్వకండి, కిలో ధర పెంచండి. పైగా నైలాన్ వలలు కలిసిపోతున్నాయి. నైలాన్ కరగడానికి 220 డిగ్రీలు కావాలి. కరగని ముక్కలే మీ జాలీని మూసేస్తున్నాయి.

మామయ్య: ఏరడానికి మనుషులేరీ?

మేనకోడలు: ఇద్దరిని పెట్టండి. పైపులకు స్క్రూనే ఉండనివ్వండి, ఒప్పుకుంటాను. నేనడిగేది కిలో సరకు కరిగించి చూసుకునే చిన్న పళ్ళేల యంత్రం. ఏ వల పనికొస్తుందో తెలుసుకోవడానికి స్క్రూ తిరిగే ఇంత పెద్ద గొట్టం, ఆ బ్యారెల్ అంతా నింపి, నచ్చకపోతే అంతా కక్కించి పారేస్తున్నాం.

మామయ్య: ఆ పళ్ళేల మధ్య సందు ఎంత?

మేనకోడలు: కొద్ది మిల్లీమీటర్లు.

మామయ్య: అయితే ఇసుక దాన్నీ గీకుతుంది.

మేనకోడలు: గీకుతుంది.

మామయ్య: కడిగి తూస్తే కిలోకు ఎంత పెంచాలో రాత్రికి లెక్క వేసుకురా. తర్వాత నీ పళ్ళేల మాట.